తీగ వేస్తే సరిపోదు, పంచాయతీకి నిధులివ్వాలి

పల్లెలకు ఇంటర్‌నెట్ తీగ ఎంత దూరం వేశామో చెప్పే లెక్కలు ప్రభుత్వాల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆ తీగ పనిచేస్తోందా, తెగితే ఎవరు అతికిస్తారు, ఖర్చు ఎవరు భరిస్తారు అని అడిగితే మాత్రం ఎవరూ పలకరు. ఊళ్లో ఉండి జవాబు చెప్పాల్సింది గ్రామ పంచాయతీ. దాని చేతిలో డబ్బు లేదు, అధికారం అంతకన్నా లేదు. తాగునీరు, వీధి దీపాలు, బ్రాడ్‌బ్యాండ్ ఈ మూడింటి నిర్వహణ నిధులను నేరుగా పంచాయతీ ఖాతాలో వేయాలి. వాటిని ఎలా ఖర్చు పెట్టాలో గ్రామసభే తేల్చాలి. ఇది ఎవరో దయతలచి ఇవ్వాల్సింది కాదు, రాజ్యాంగం ఆశించిందే.

దేశంలోని రెండున్నర లక్షల పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011 అక్టోబరులో ఆమోదం తెలిపింది. తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు మార్చారు. పన్నెండేళ్లు తిరగకముందే, 2023 ఆగస్టులో, రూ.1,39,579 కోట్లతో సవరించిన పథకాన్ని మళ్లీ ఆమోదించాల్సి వచ్చింది. తీగ వేయడంలో చూపిన శ్రద్ధ దాన్ని నడపడంలో చూపకపోవడమే ఇందుకు ప్రధాన కారణం. మొదట్లో పంచాయతీలను వరుసగా ఒకే తీగకు కలుపుకుంటూ పోయారు. మధ్యలో ఎక్కడ తెగినా దాని అవతలి ఊళ్లన్నిటికీ నెట్ పోయేది. ఇప్పుడు ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి అందేలా వలయాకారంలో కలుపుతామని, పదేళ్ల నిర్వహణ ఖర్చు కూడా పథకంలోనే చేర్చామని చెబుతున్నారు. మార్పు మంచిదే. కానీ ఆ డబ్బు నడిచే దారిలో పంచాయతీ ఎక్కడా లేదు.

ఫలితం ఏ మండలంలోనైనా చూడవచ్చు. పంచాయతీ కార్యాలయంలో గోడకు బిగించిన నెట్ పెట్టెకు బ్యాటరీ పాడైతే కరెంటు పోగానే నెట్ కూడా పోతుంది. రోడ్డు పనికి వచ్చిన జేసీబీ తీగ తెంపితే కార్యదర్శి ఫిర్యాదు నమోదు చేసి ఎదురుచూడాల్సిందే. స్థానికంగా మనిషిని పెట్టి బాగుచేయిద్దామంటే ఆ బిల్లు ఏ పద్దులో రాయాలో తెలియదు. మరోవైపు ప్రభుత్వ సేవలన్నీ ఆన్‌లైన్‌కు ఎక్కాయి. ఉపాధి కూలీల హాజరును పని జరిగే చోటే ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలన్న నిబంధన 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. రేషన్ బియ్యానికి వేలిముద్ర కావాలి. సిగ్నల్ అందని ఊళ్లో నష్టపోయేది కూలి మస్టరు, బియ్యం సంచి. ఇక్కడ ఇంటర్‌నెట్‌ను విలాసం అనడం అన్యాయం.

రాష్ట్రాల సొంత ప్రయత్నాలదీ ఇదే తీరు. ఆంధ్రప్రదేశ్ కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగి, నెలకు రూ.149కే ఫోను, టీవీ, ఇంటర్‌నెట్ ఇస్తామని 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేత ప్రారంభింపజేసింది. చౌకగా, వేగంగా చేసిన పనే. ఆ తర్వాత ఆరోపణలు, కేసులు, ప్రభుత్వాల మార్పుల మధ్య దాన్ని నడిపే సంస్థ నలిగిపోయింది. తెలంగాణ తన తాగునీటి పథకం మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే ఫైబర్ వేయాలనుకుంది. అదీ తెలివైన ఆలోచనే. భగీరథ నీళ్లు 2016 ఆగస్టులో మొదలైతే, ఇళ్లకు నెట్ ఇచ్చే ప్రయోగం కొద్ది గ్రామాల్లో 2024 డిసెంబరుకు గాని మొదలు కాలేదు. రెండు చోట్లా పెత్తనం రాజధానిదే. అక్కడ ఫైలు ఆగితే ఊళ్లో పని ఆగుతుంది.

ఇక పంచాయతీల ఆదాయం సంగతి. రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం పంచాయతీల రాబడిలో సొంత పన్నుల వాటా దాదాపు ఒక శాతం. ఎనభై శాతం కేంద్రం గ్రాంట్లు, పదిహేను శాతం రాష్ట్రాల గ్రాంట్లు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు రూ.2,36,805 కోట్లు సిఫార్సు చేసింది. అందులో అరవై శాతం నీటికి, పారిశుద్ధ్యానికే వాడాలన్నారు. మిగతా నలభై శాతంతోనే స్థానిక అవసరాలన్నీ తీరాల్సి వచ్చింది. ఆ కాస్త మీదా చేతులు పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో సర్పంచుల ప్రమేయం లేకుండానే ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద జమ చేసుకున్నారు. ఖాతాలు ఖాళీ అయ్యాయని సర్పంచులు పార్టీలకతీతంగా రోడ్డెక్కారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరికి పాలకవర్గాల గడువు ముగిస్తే, ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. అంతకాలం ప్రత్యేకాధికారుల పాలన సాగింది, కేంద్ర నిధులు ఆగాయి. ట్రాక్టరు కిస్తీ, డీజిల్, బోరు మోటారు మరమ్మతు ఏవీ ఎన్నికల కోసం ఆగవు కదా!

వాడిన కరెంటుకు బిల్లు కట్టాల్సిందే, అందులో సందేహం లేదు. అయితే పంచాయతీలకు రావాల్సిన స్టాంపు డ్యూటీ సర్‌చార్జి, సీనరేజి (గనుల రుసుము) వాటాలను నెలల తరబడి తొక్కిపెట్టి, బకాయి మాత్రం ముక్కుపిండి వసూలు చేయడం ఏం న్యాయం? డబ్బిస్తే పంచాయతీలు తగలేస్తాయనే వాదన కూడా చెల్లదు. 1970లో ఏర్పడిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, వినియోగదారులు ఎన్నుకునే పాలకవర్గంతో ఇప్పటికీ కరెంటు పంపిణీ చేస్తోంది. కేరళ 1996లోనే ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించింది. అదే రాష్ట్రం 2023 జూన్‌లో సొంత ఫైబర్ వ్యవస్థను ప్రారంభించి, పేదలకు ఉచిత కనెక్షన్లు ఇవ్వడానికి పూనుకుంది. తప్పు చేసే సర్పంచి ఉంటే సామాజిక తనిఖీ ఉంది, చట్టం ఉంది. తప్పు చేస్తాడేమోనన్న అనుమానంతో ఊరందరి డబ్బు ఆపడం తగదు.

రెండు తెలుగు రాష్ట్రాలు వెంటనే చేయాల్సిన పనులు నాలుగున్నాయి. పంచాయతీ తీర్మానం లేకుండా ఆర్థిక సంఘం నిధుల్లోంచి ఒక్క రూపాయి కూడా సర్దుబాటు చేయబోమని ఉత్తర్వులివ్వాలి. ఫైబర్ నిర్వహణ డబ్బులో కొంత భాగాన్ని పంచాయతీ ఖాతాకు మళ్లించి, మండలానికి కొందరు స్థానిక యువకులకు తీగ అతికించే పనిలో శిక్షణ ఇచ్చి వారికే ఆ పని అప్పగించాలి. ఊరి స్తంభాల మీదుగా సాగే ప్రైవేటు కేబుళ్ల అద్దెలో పంచాయతీకి వాటా ఇవ్వాలి. రాష్ట్ర ఆర్థిక సంఘాలను సకాలంలో వేసి, సిఫార్సులను అమలు చేయాలి. గ్రామస్థులకూ బాధ్యత ఉంది. ఇంటి పన్ను కట్టాలి, గ్రామసభకు వెళ్లి లెక్క అడగాలి.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో తాగునీటినీ, గ్రామీణ విద్యుదీకరణనూ చేర్చింది. మూడు దశాబ్దాలు దాటినా డబ్బు పెత్తనం రాజధానుల చేతుల్లోనే ఉంది. వచ్చే బడ్జెట్లలో పంచాయతీ మౌలిక సేవల నిర్వహణకు విడిగా పద్దు పెట్టి, దాన్ని ఎవరూ మళ్లించకుండా చట్టంతో కట్టడి చేయాలి. అది చేయని ప్రభుత్వానికి గ్రామీణాభివృద్ధి గురించి మాట్లాడే హక్కు లేదు.