వేదిక మూయించిన చేతులు మనవే

మా బల్ల మీద రెండు కాగితాలున్నాయి. రెండూ ఒకే డిగ్రీ కాలేజీ లెటర్‌హెడ్ మీద వచ్చినవే, రెండింటి కిందా ఒకే ప్రిన్సిపాల్ గారి సంతకం. మధ్యలో ఎనిమిది నెలల ఎడం.

మొదటిది ఆగస్టు నాటిది. కుల ప్రాతిపదికన రిజర్వేషన్లు ఉండకూడదని ఊరూరా తిరిగి చెప్పే ఒక వక్తను ఆ కాలేజీ విద్యార్థి సంఘం ఒకటి పిలిచింది. మేము వ్యతిరేకించాం. విద్యార్థుల చేత సంతకాలు పెట్టించి వినతిపత్రం ఇచ్చాం. సభ రద్దయింది. ఆ సాయంత్రం అంబేద్కర్ విగ్రహం దగ్గర మిఠాయిలు పంచుకున్నాం.

రెండోది ఏప్రిల్ నాటిది. బాబాసాహెబ్ జయంతి వారంలో ఇరవై రెండు ప్రతిజ్ఞల మీద మాట్లాడటానికి మన ఉపాసకుడొకరిని పిలిచాం. అదీ రద్దయింది. 'ఒక వర్గం విద్యార్థుల మనోభావాలు దెబ్బతిని, శాంతిభద్రతలకు విఘాతం కలిగే అవకాశం ఉన్నందున' అని కారణం రాశారు. ఆ వాక్యం చదవగానే మాకు గుండెలో కలుక్కుమంది. అది ప్రిన్సిపాల్ గారు కట్టిన వాక్యం కాదు. ఆగస్టులో మేమిచ్చిన వినతిపత్రంలోది. న్యాయశాస్త్రం చదువుకున్న మేమే కూర్చుని, మాట మాట తూచి రాసి ఇచ్చాం. ఆయన దాచుకుని, అవసరం వచ్చినప్పుడు మన మీదే వాడారు.

ఈ వ్యాసం ఆ ప్రిన్సిపాల్ గారిని తిట్టడానికి కాదు. మనల్ని మనం నిలదీసుకోవడానికి.

మా పిల్లలు అడిగిన ప్రశ్న తేలికైనది కాదు. 'అన్నా, వాళ్లకి టీవీలున్నాయి, పత్రికలున్నాయి, గుళ్లున్నాయి. అడుగడుగునా వాళ్ల వేదికలే. కాలేజీలో కూడా కూర్చుని మా అర్హత గురించి మేము తిట్లు వినాలా?' అన్నాడొక విద్యార్థి. వాడు ఆ ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటివాడు. హాస్టల్లో ర్యాంకు అడిగి కులం తెలుసుకునే తోటివాళ్ల మధ్య బతుకుతున్నవాడు. వాడి కోపం న్యాయమైనది. ఇద్దరి నోళ్లకూ ఒకే బలం ఉందని వాడికి చెబితే అబద్ధం చెప్పినట్టే.

కానీ మన నోటికి బలం తక్కువ గనుకే నోరు నొక్కే అధికారాన్ని మనం పెంచి పోషించకూడదు. ఆ అధికారం తాళంచెవి ఎవరి జేబులో ఉంటుంది? కాలేజీ యాజమాన్యంలో మనవాళ్లు ఎందరు? పోలీస్ స్టేషన్లో 'మనోభావాలు' అన్న మాట ఎవరు చెబితే గబగబా కాగితం మీదకెక్కుతుంది? వేదికలు మూయించే ఆట మనం ఒకసారి గెలిస్తే పదిసార్లు ఓడిపోతాం.

చరిత్ర చూడండి. 1936లో లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ బాబాసాహెబ్‌ను తమ వార్షిక సభకు అధ్యక్షుడిగా పిలిచింది. ప్రసంగం ముందుగా చదివి, వేదాల మీదా శాస్త్రాల మీదా విమర్శ మింగుడుపడక, కొన్ని భాగాలు తీసేయమంది. పిలిచినవాళ్లు సనాతనులు కూడా కాదు, కులం పోవాలనే సంస్కర్తలు. బాబాసాహెబ్ ఒక్క కామా కూడా మార్చనన్నారు. సభ రద్దయింది. ఆయన తన సొంత డబ్బుతో 1500 ప్రతులు అచ్చు వేయించారు. మనం చేతుల్లో పట్టుకు తిరిగే 'కుల నిర్మూలన' రద్దయిన సభలో పుట్టిన పుస్తకం. దాని మీద గాంధీ తన 'హరిజన్' పత్రికలో విమర్శ రాస్తే బాబాసాహెబ్ ఏం చేశారు? 1937లో రెండో ముద్రణ వేసినప్పుడు ఆ విమర్శను తన పుస్తకంలోనే చేర్చి, పక్కన తన జవాబు పెట్టారు. ప్రత్యర్థి మాటను తన ఖర్చుతో జనానికి చేరవేసిన మనిషి వారసులం మనం.

తర్వాత కూడా కథ అదే. మహారాష్ట్ర ప్రభుత్వం 1987లో బాబాసాహెబ్ రచనల్లో భాగంగా 'హిందూమతంలో చిక్కుముళ్లు' అచ్చువేస్తే మనోభావాల పేరుతోనే గొడవ లేచింది. ఆ పుస్తకం కోసం 1988లో మన జనం లక్షలుగా ముంబై వీధుల్లోకి రావలసి వచ్చింది. 2015లో మద్రాసు ఐఐటీలో అంబేద్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ గుర్తింపు పోయింది. ఎవరో పేరు రాయకుండా పంపిన ఫిర్యాదుతో మొదలై అంతదాకా వెళ్లింది. దేశమంతా నిరసన వచ్చాక గుర్తింపు తిరిగి ఇచ్చారు. 2022 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన ధమ్మదీక్ష సభలో ఇరవై రెండు ప్రతిజ్ఞలు చదివిన వివాదంలో ఒక మంత్రి పదవే వదులుకున్నారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మంది పలికిన ప్రతిజ్ఞలే అవి. మిత్రులారా, ఈ దేశంలో 'వివాదాస్పద వక్త' అన్న ముద్ర వేస్తే అది మొట్టమొదట పడేది మన నుదుటి మీదే. మన దీక్షా వాక్యాలే వివాదాస్పదం. అలాంటప్పుడు వివాదాస్పదులను రానివ్వకూడదనే రూలు మనమే రాసిస్తామా?

చట్టం సంగతి కూడా చూద్దాం. 1989లో సుప్రీంకోర్టు రంగరాజన్ కేసులో ఒక గొప్ప తీర్పు ఇచ్చింది. ఊరేగింపులు, హింస జరుగుతాయన్న బెదిరింపుకు లొంగి భావప్రకటనను అణచివేయకూడదనీ, దాన్ని కాపాడటం ప్రభుత్వ బాధ్యత అనీ చెప్పింది. సభలు రద్దయినప్పుడల్లా మేము ఎత్తి చూపే తీర్పు ఇదే. అయితే అది ఏ సినిమా గురించో చాలామందికి తెలియదు. 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే తమిళ చిత్రం, కుల రిజర్వేషన్లను విమర్శించే చిత్రం. మనకు గిట్టని మాటను కాపాడటానికి కట్టిన గొడుగు కిందే ఈ రోజు మనం తలదాచుకుంటున్నాం. ఆ గొడుగు చింపితే తడిసేది వాళ్లొక్కరే కాదు.

అలాగని ఎవడు ఏం కూసినా వినాలని మేము అనడం లేదు. గీత ఉంది. 2015 నాటి శ్రేయా సింఘాల్ తీర్పు ఆ గీతను స్పష్టంగానే గీసింది: చర్చ వేరు, ఒక వాదాన్ని సమర్థించడం వేరు, రెచ్చగొట్టడం వేరు. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా వాటికి రక్షణ ఉంది. మూడోదానికి వచ్చేసరికే చట్టం చెయ్యి పడుతుంది. 'రిజర్వేషన్లు వద్దు' అన్నది వాదం. దానికి జవాబు చెప్పాలి. పేరు పెట్టి కులాన్ని దూషించినా, ఎస్సీ ఎస్టీల మీద ద్వేషం రగిల్చినా, వారు గౌరవించే దివంగతులను అవమానించినా అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షన్ ఉంది. దానికి కేసు పెట్టాలి, ప్రిన్సిపాల్ గారి దయ అడగనక్కరలేదు. వాదాన్నీ దూషణనూ కలగలిపి ఒకే అర్జీ రాయడమే ఆగస్టులో మేము చేసిన తప్పు.

ఇంకొక తేడా కూడా పట్టుకోవాలి. వక్తగా పిలవడం వేరు, శాలువా కప్పి ముఖ్య అతిథి కుర్చీలో కూర్చోబెట్టడం వేరు. ప్రశ్నలకు చోటు లేకుండా సన్మానం చేస్తే ఆ గౌరవాన్ని ప్రశ్నించే హక్కు విద్యార్థులకుంది. హాజరు వేస్తామని బెదిరించి పిల్లలను సభలో కూర్చోబెడితే దాన్నీ ఎదిరించాలి. మాట్లాడే స్వేచ్ఛలో వినకుండా లేచిపోయే స్వేచ్ఛ కూడా ఉంది.

ధమ్మం ఏమంటోంది? బ్రహ్మజాల సుత్తం ఎలా మొదలవుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. రాజగృహం నుంచి నలందా దారిలో సుప్పియుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణీ ధమ్మాన్నీ సంఘాన్నీ నిందిస్తూ వెంట నడిచాడు. భిక్షువులు దాని గురించి మాట్లాడుకుంటుంటే తథాగతుడు వారించాడు. నిందకు కోపం తెచ్చుకుంటే అవతలివాడి మాటలో నిజమెంతో అబద్ధమెంతో తెలుసుకోగలరా అని అడిగాడు. అబద్ధమైతే అబద్ధమని విడమరచి చెప్పమన్నాడు. ఉపాలి గృహపతి కథ ఇంకా గొప్పది. ఆయన నిగంఠనాథపుత్రుడి శిష్యుడు, బుద్ధుణ్ణి వాదంలో ఓడించడానికి వచ్చాడు. వచ్చినవాణ్ణి గుమ్మంలోనే ఆపలేదు. వాదించాడు, చివరికి శరణు కోరాడు. అప్పుడు కూడా తథాగతుడు తొందరపడవద్దు, బాగా పరిశీలించుకో అన్నాడు. నిగంఠులకు చేసే దానం మానవద్దన్నాడు. మన నాగార్జునకొండలోనూ ఒక శాఖకు చెందిన విహారం పక్కనే మరో శాఖ విహారం ఉండేదని శాసనాలు చెబుతున్నాయి. వాదానికి భయపడే ధమ్మమైతే కృష్ణా తీరాన అన్ని శతాబ్దాలు నిలిచేదా?

అందుచేత చేయవలసింది ఇది. ప్రతి కాలేజీలోనూ వక్తలందరికీ ఒకే రాతపూర్వక నియమం ఉండాలని అడుగుదాం. సభ రద్దు చేస్తే కారణం, ఆధారం రాసివ్వాలి. ప్రతి ప్రసంగం తర్వాత ప్రశ్నలకు సమయం ఉండాలి. జవాబు సభకు అదే హాలు, అవే షరతులతో ఇవ్వాలి. గొడవ చేస్తామని బెదిరించినవాణ్ణి ఆపాలి గానీ మాట్లాడేవాణ్ణి కాదు. మన పిల్లలు ప్లకార్డులు పట్టుకుని గేటు దగ్గర నిలబడాలి, తర్వాత లోపలికెళ్లి ముందు వరుసలో కూర్చోవాలి. 1951 నాటి చంపకం దొరైరాజన్ కేసు, ఆ వెంటనే వచ్చిన 15(4), 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పు నోట్‌బుక్కులో ఉండాలి. 'ప్రతిభ' అన్న మాట ఆ వక్త నోట వచ్చిన క్షణమే చెయ్యెత్తాలి. ఆగస్టులో ఆ పిల్లాడికి మేము ఇవ్వవలసిన ఆయుధం అది. మేము ఇచ్చింది మాత్రం సంతకం పెట్టమని ఒక కాగితం.

రద్దు చేయించినందువల్ల ఆ వక్తకు నష్టమేమీ జరగలేదు. మరుసటి వారం మరో ఊళ్లో 'నన్ను అడ్డుకున్నారు' అంటూ ఇంకా పెద్ద సభలో మాట్లాడాడు. నష్టపోయింది మన విద్యార్థులే. నాలుగు వందల మంది ముందు ఆయన్ని ప్రశ్నించే అవకాశం పోగొట్టుకున్నారు, ఏప్రిల్‌లో సొంత సభనూ పోగొట్టుకున్నారు.

ఇప్పుడు బల్ల మీద మూడో కాగితం ఉంది. అది మేము ప్రిన్సిపాల్ గారికి రాసింది. ఆగస్టు నాటి మా వినతిని వెనక్కి తీసుకుంటున్నామనీ, ఆ వక్తను మళ్లీ పిలిస్తే అభ్యంతరం లేదనీ, అదే హాలులో మా ఉపాసకుడికీ తేదీ ఇవ్వాలనీ అడిగాం. ఆగస్టులో సంతకం చేసిన పిల్లల్లో కొందరు దీని మీద ఇంకా చెయ్యి వేయలేదు. మేము తొందరపెట్టడం లేదు. వాళ్లతో కూర్చుని వాదిస్తున్నాం.

జై భీమ్. నమో బుద్ధాయ.