గగనయానం - సంస్కారం

మనిషి సంస్కారం అతడు ఇంట ఉన్నప్పటికంటె ప్రయాణంలో ఉన్నప్పుడే స్పష్టంగా వెల్లడవుతుంది. ఇంట్లో అందరూ తనవారే కాబట్టి లోపాలు కప్పబడిపోతాయి. ప్రయాణంలో పక్కనున్నవాడు పరాయివాడు. చోటు తక్కువ, సమయం తక్కువ, ఓర్పు మరీ తక్కువ. అటువంటి వేళ తోటివారితోను, తనకు సేవ చేసే ఉద్యోగులతోను మెలగే తీరే మనిషికి అసలైన గీటురాయి.

శ్రీ సత్యసాయి జిల్లాలోని కొత్తచెరువు కరవు పీఠభూమి మీద ఉన్న ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ వరకు అది అనంతపురం జిల్లాలో భాగం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఆ సీమలో వేరుశనగ పంట చేతికందని ఏడు బెంగుళూరు దారి పట్టే బస్సులు కిక్కిరిసిపోతాయి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలో నుంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకోవడం, చిల్లర దగ్గర మాటామాటా పెరగడం అక్కడ నిత్యం కనిపించే దృశ్యాలే. కండక్టరు ఒకరిని బుజ్జగిస్తాడు, ఒకరిని గద్దిస్తాడు. తగవు మరీ ముదిరితే డ్రైవరు బస్సును రోడ్డు పక్కన ఆపుతాడు. తప్పు చేసినవాడిని దించి, మిగిలినవారు తమ దారిన సాగిపోతారు.

ఆ ప్రాంతానికి విమానం కొత్తది కాదు. కూతవేటు దూరంలోని పుట్టపర్తిలో 1990లోనే విమానాశ్రయం వెలిసింది. 2008లో దేవనహళ్లి వద్ద బెంగుళూరు కొత్త విమానాశ్రయం ప్రారంభమైన తరువాత, ఒకనాడు ఆకాశంలో మోత వినిపిస్తే తలెత్తి చూసిన కుటుంబాలలోని పిల్లలు నేడు ఆ విమానాలలోనే కూర్చుంటున్నారు. బస్సెక్కినవాడే విమానమూ ఎక్కుతున్నాడు. తువ్వాలు విసిరే అలవాటు కూడ అతడి వెంట వెళ్లవచ్చు. కాని ముప్పైఅయిదు వేల అడుగుల ఎత్తున విమానాన్ని ఆపడానికి రోడ్డు పక్కన చోటు లేదు. దించివేయడానికి మెట్లు లేవు. పిలిస్తే వచ్చే పోలీసు లేడు. అక్కడ ఉన్నది కొద్దిమంది విమాన పరిచారికలు, పరిచారకులు మాత్రమే. అందుకే నేల మీద చిన్న తప్పుగా తోచే ప్రవర్తన ఆకాశంలో పెద్ద ప్రమాదమవుతుంది.

విమాన పరిచారిక అనగానే చిరునవ్వుతో నీళ్లూ భోజనమూ అందించే యువతి రూపం పలువురి మనస్సులో మెదలుతుంది. ఆ రూపం అసత్యం కాదు గాని అసమగ్రం. 1930లో అమెరికాలో ఎలెన్ చర్చ్ ప్రపంచంలో మొదటి విమాన పరిచారికగా చేరినప్పుడు ఆమె శిక్షణ పొందిన నర్సు. ప్రయాణికుల ప్రాణరక్షణ, ఆరోగ్యరక్షణ ఆ వృత్తికి పుట్టుకతోనే వచ్చిన బాధ్యతలు. భారతదేశంలో ప్రతి 50 సీట్లకు ఒకరు చొప్పున కేబిన్ సిబ్బంది ఉండాలన్న నియమం వడ్డన కోసం పెట్టినది కాదు. పెద్ద విమానాన్ని రూపొందించినప్పుడు, సగం ద్వారాలు మాత్రమే తెరుచుకున్నా 90 సెకన్లలో అందరినీ బయటకు పంపవచ్చునని నిరూపించాలి. నిజంగా ఆపద వచ్చిననాడు ఆ పని జరిపించవలసినవారు ఈ సిబ్బందే. మంటలార్పడం, ప్రథమ చికిత్స, ద్వారాలు తెరిపించడం వారి శిక్షణలో ముఖ్య భాగాలు. భోజనం అందించడం ఆ తరువాతి పని.

2024 జనవరి 2న టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీద మరొక చిన్న విమానాన్ని ఢీకొని మంటలలో చిక్కుకొన్నది. పెద్ద విమానంలో ఉన్న 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. సిబ్బంది నేర్పు ఎంత ఉన్నదో, సామాను వదలి చెప్పిన ద్వారం వైపు నడిచిన ప్రయాణికుల వినయమూ అంత ఉన్నది. ఆ క్షణంలో నాలుగు మొండి గొంతులు లేచి, సంచుల కోసం దారికి అడ్డు నిలిచి ఉంటే కథ మరొక విధంగా ముగిసేది. విమాన పరిచారిక మాటకు ఇచ్చే విలువ ఆమెకు చేసే ఉపకారం కాదు. ఎవరి ప్రాణానికి వారు చేసుకొనే మేలు.

ఇంతటి బాధ్యత మోసేవారిపై దురుసుతనం ప్రపంచమంతటా పెరుగుతున్నది. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం లెక్కల ప్రకారం 2022లో ప్రతి 568 విమాన ప్రయాణాలకు ఒకటి చొప్పున ఇటువంటి సంఘటన నమోదు కాగా, 2023లో ప్రతి 480 ప్రయాణాలకే ఒకటి నమోదైంది. సీటు బెల్టు పెట్టుకోమంటే కసురుకోవడం, మరుగుదొడ్డిలో పొగతాగడం, మత్తులో తూలి మీద పడడం, పరిచారికలను చూపులతో, మాటలతో, చేతులతో వేధించడం ఇందులోని రకాలు. ఉద్యోగిని కాబట్టి ఆమె చిరునవ్వు చెరగరాదని కోరేవారు ఆమె కూడ ఒక ఇంటి ఆడబిడ్డ అనీ, తన చెమటతో తాను బతుకుతున్న మనిషి అనీ మరచిపోతున్నారు.

ఈ దోషం నిరక్షరాస్యులది మాత్రమే అని భావించడం పొరపాటు. 2017 మార్చిలో పూణే నుంచి ఢిల్లీ చేరిన ఎయిర్ ఇండియా విమానంలో శివసేన పార్లమెంటు సభ్యుడు రవీంద్ర గైక్వాడ్ ఒక ఉద్యోగిని చెప్పుతో కొట్టినట్లు తానే చెప్పుకొన్నారు. ఆ విమానంలో బిజినెస్ తరగతి లేకపోవడం ఆయన కోపానికి మూలం. అదే సంవత్సరం జూన్ 15న విశాఖపట్నం విమానాశ్రయంలో నాటి అనంతపురం పార్లమెంటు సభ్యుడు జె.సి. దివాకర్ రెడ్డి ఆలస్యంగా వచ్చారన్న కారణంతో సిబ్బంది బోర్డింగ్ పాస్ నిరాకరించారు. ఆయన ఆగ్రహించి అక్కడి ప్రింటరును పడవేశారన్న ఆరోపణ వచ్చింది. రెండు సందర్భాలలోను విమాన సంస్థలు ఏకమై వారిపై నిషేధం విధించాయి. కొద్ది వారాలలోపే ఆ నిషేధాలు తొలగిపోయాయి కూడ. చట్టాలు చేసే సభలో కూర్చున్నవారికి కౌంటరు మూసే వేళ ఒక చట్టంగా తోచకపోవడం విచారకరం. కరవు సీమలో రేషను దుకాణం ముందు గంటల కొద్దీ వరుసలో నిలబడే వృద్ధురాలికి తెలిసిన క్రమశిక్షణ, ఆమె వోటుతో పదవి పొందినవారికి తెలియకపోతే ఆ లోపం చదువుది కాదు, అహంకారానిది.

ఈ సంఘటనల అనంతరం, విజయనగరానికి చెందిన పి. అశోక్ గజపతిరాజు కేంద్ర పౌర విమానయాన మంత్రిగా ఉన్న కాలంలో, 2017 సెప్టెంబరులో కొత్త నియమాలు వచ్చాయి. దురుసు ప్రవర్తనను అవి మూడు స్థాయిలుగా విభజించాయి. మాటలతో, సైగలతో వేధించినవారికి మూడు నెలల వరకు, చేయి చేసుకొన్నవారికి ఆరు నెలల వరకు, ప్రాణాలకు ముప్పు తెచ్చినవారికి కనీసం రెండేళ్ల పాటు నిషేధం నిర్దేశించాయి. విశ్రాంత జిల్లా న్యాయమూర్తి అధ్యక్షతన గల సంఘం నెల రోజులలో విచారించి నిర్ణయించాలని ఆదేశించాయి. అంతకు పూర్వమే, 1963 నాటి టోక్యో ఒడంబడిక అదుపు తప్పిన ప్రయాణికుని నిర్బంధించే అధికారాన్ని విమాన నాయకునికి ఇచ్చింది. భారతదేశం 1975లో దానికి అనుగుణంగా చట్టం చేసింది. నియమాలకు లోటు లేదు. వాటిని పేరు చూడకుండా, పదవి చూడకుండా అమలు చేసే ధైర్యమే కావలసినది.

అయితే ఒక విషయంలో జాగ్రత్త అవసరం. తెలియనితనం వేరు, దురుసుతనం వేరు. కదిరి, రాయచోటి ప్రాంతాల నుంచి ఎందరో పేదలు అప్పుచేసి కువైట్‌కు పనికి వెళ్తుంటారు. అటువంటి తల్లికి సీటు బెల్టు బిగించడం తెలియకపోవచ్చు. మరుగుదొడ్డి తలుపు ఎటు తెరుచుకొంటుందో తెలియక నిలిచిపోవచ్చు. ఇంగ్లీషులో చేసిన ప్రకటన అర్థం కాక లేచి నిలబడవచ్చు. ఆమెను చూసి ముఖం చిట్లించే సిబ్బందీ, నవ్వుకొనే తోటి ప్రయాణికులూ దురుసువారి కోవలోకే వస్తారు. ఆమెకు కావలసినది నేర్పే మాట, శిక్ష కాదు. తెలిసీ ధిక్కరించేవాడికి మాత్రమే శిక్ష తగినది. తెలుగునాట నుంచి బయలుదేరే విమానాలలో నాలుగు తెలుగు మాటలు వినిపిస్తే సగం గందరగోళం దానంతట అదే తొలగుతుంది.

విమాన సంస్థల బాధ్యత కూడ తక్కువ కాదు. 2022 నవంబరులో న్యూయార్క్ నుంచి ఢిల్లీ వచ్చిన ఎయిర్ ఇండియా విమానంలో మత్తులో ఉన్న ప్రయాణికుడొకడు ఒక వృద్ధురాలి పట్ల అత్యంత హేయంగా ప్రవర్తించాడన్న ఫిర్యాదు వారాల తరువాత గాని పోలీసులను చేరలేదు. ఆ ఉపేక్షకు విమానయాన నియంత్రణ సంస్థ 2023 జనవరిలో 30 లక్షల రూపాయల జరిమానా విధించింది. అడిగినంత మద్యం పోసి, ఆపైన అదుపు చేసే భారాన్ని పరిచారికల మీద వదలడం న్యాయం కాదు. గంటల తరబడి విమానం ఆలస్యమైనప్పుడు కారణం చెప్పక ప్రయాణికులను కూర్చోబెట్టడమూ న్యాయం కాదు. అయినా 2024 జనవరిలో ఢిల్లీ విమానాశ్రయంలో జరిగినట్లు, పొగమంచు వల్ల కలిగిన జాప్యాన్ని ప్రకటిస్తున్న పైలట్‌పై చేయి ఎత్తడం ఎంత కోపంలోనైనా క్షమార్హం కాదు. నష్టపోయిన ప్రయాణికునికి ఫిర్యాదు చేసే హక్కు ఉన్నది, పరిహారం కోరే మార్గం ఉన్నది. యాజమాన్యం చేసిన తప్పుకు ఎదురుగా నిలిచిన ఉద్యోగిని దండించే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

టికెట్టు ధర చెల్లించినవాడు ఒక సీటును, ఒక ప్రయాణాన్ని కొనుక్కొంటాడు. సాటి మనిషి ఆత్మగౌరవం ఆ ధరలో చేరి ఉండదు. ఈ సత్యం విమానంలో నేర్చుకొనేది కాదు. అది కొత్తచెరువు బస్టాండులోనే నేర్చుకోవాలి. వరుసలో నిలబడి ఎక్కడం, పసిబిడ్డను ఎత్తుకొన్న తల్లికి సీటు ఇవ్వడం, కండక్టరును మర్యాదగా పలకరించడం చిన్న వయస్సులోనే అలవడితే, ఎంత ఎత్తుకు ఎగిరినా ఆ సంస్కారం మనిషిని విడిచిపోదు. అది లేనివాడు ఆకాశాన ఎగిరినా అతడి నడవడి నేల మీదనే మిగిలిపోతుంది.