ఆటలో అరటిపండు

సందుల్లో క్రికెట్ ఆడినవాళ్లకి ఈ పదవి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. జట్లు పంచుకున్నాక ఓ చిన్నపిల్లాడో, ‘నేనూ ఆడతా’ అని ఏడ్చే చెల్లెలో మిగిలిపోతే ఊరుకోబెట్టడానికి ఆటలో అరటిపండుగా చేర్చుకుంటారు. కొట్టిన పరుగులు లెక్కలోకి రావు. ఔటైనా ఎవరూ సంబరపడరు. బంతి మురిక్కాలవలో పడితే మాత్రం పరుగెత్తాల్సింది అరటిపండే. మా వీధిలో ఆ పదవిని నేను నాలుగేళ్లు నిర్విఘ్నంగా నిర్వహించాను. నాకన్నా రెండేళ్లు చిన్నవాడైన మా తమ్ముడేమో ఓపెనర్! బ్యాటు నాన్న వాడికి కొనిచ్చారు మరి.

ఇదంతా మళ్లీ గుర్తుకొచ్చింది 2025 నవంబరు 2 రాత్రి. నవీ ముంబయిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్. వాన వల్ల ఆలస్యంగా మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. పడుకోమంటే పాప వినలేదు, మా ఆయనా వినలేదు. 299 కొట్టాల్సిన దక్షిణాఫ్రికా రెండో వికెట్ పోగొట్టుకుంది... మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి బంతికి బాష్ ఎల్బీడబ్ల్యూ! నేను సోఫాలోంచి ఎగిరి గంతేశాను. మా ఆయన నావైపు తిరిగి ఎంతో ఓపిగ్గా, ‘బంతి ప్యాడ్‌కి తగిలింది చూశావూ, అది వికెట్లకి అడ్డంగా ఉందన్నమాట, అందుకని...’ అంటూ మొదలుపెట్టారు.

పెళ్లయి పదకొండేళ్లు. ఈయన నాకు ఎల్బీడబ్ల్యూ వివరించడం ఇది ఎన్నోసారో లెక్కలేదు. లెగ్‌స్టంప్ బయట పిచ్ అయితే ఔటివ్వరని నాకు తెలుసని నేనూ చెబుతూనే ఉన్నాను. మర్చిపోతారు. మంచి మనిషే, కూరలు కూడా తరుగుతారు. కానీ టీవీలో క్రికెట్ వస్తుంటే పక్కనున్న ఆడమనిషికి అర్థం కావట్లేదనే దయ ఆయనకి పుట్టుకతో వచ్చినట్టుంది. మీ ఇంట్లో ఇలాంటివాళ్లు లేరా? నిజం చెప్పండి!

ఆయన్ననడమెందుకు, నేనేం తక్కువ తిన్నాను? 2011 ప్రపంచకప్‌ అప్పుడు డెస్కులో నాకో వ్యాసం అప్పగించారు. మగ సహోద్యోగులు జట్టు కూర్పు గురించి రాస్తుంటే, నేను రాసింది మ్యాచ్ చూస్తూ తినడానికి అయిదు రకాల చిరుతిళ్లు. మొక్కజొన్న పకోడీకి ఉత్తరాలు కూడా వచ్చాయి. ‘ఇదేంటండీ’ అని నేనొక్క మాటా అడగలేదు. బంతి కాలవలో పడింది, తెచ్చిచ్చాను. అంతే.

అసలు 2002 సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం మంటగానూ ఉంటుంది. ఆ జులైలో లార్డ్స్ బాల్కనీలో గంగూలీ చొక్కా విప్పి తిప్పడం మా వీధి వీధంతా చూసింది. తెల్లారేసరికి కుర్రాళ్లందరి చొక్కాలూ గాల్లోనే! సరిగ్గా నెల తర్వాత అదే ఇంగ్లండులో, టాంటన్‌లో, మన సికింద్రాబాద్‌లో పెరిగిన 19 ఏళ్ల మిథాలీ రాజ్ టెస్టులో 214 పరుగులు చేసింది. అప్పటికి మహిళల టెస్టుల్లో ఎవరూ అంత కొట్టలేదు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. క్రికెట్ పిచ్చి, ఇంటికి పేపరూ వచ్చేది. అయినా ఆ సంగతి నాకు తెలిసింది ఈ ఉద్యోగంలో చేరాకే.

మిథాలీ కూడా ముందు అరటిపండే అంటే మీరు నమ్ముతారా? పొద్దెక్కేదాకా నిద్రపోయే పిల్లని బద్ధకం వదిలిద్దామని వాళ్ల నాన్న అన్నయ్యతో పాటు కోచింగుకి తీసుకెళ్లేవారట. భరతనాట్యం నేర్చుకుంటున్న ఆ అమ్మాయి అలా తోకలా వెళ్లి బ్యాటు పట్టుకుంది. ఆ తర్వాత అన్నయ్య ఆగిపోయాడు, చెల్లెలు 2022 దాకా దేశానికి ఆడింది. 2017 ప్రపంచకప్ ముందు ఓ విలేకరి, ‘మీకిష్టమైన పురుష క్రికెటర్ ఎవరు?’ అని ఆమెనడిగాడు. మగవాళ్లని మీకిష్టమైన మహిళా క్రికెటర్ ఎవరని ఎప్పుడైనా అడిగారా అని ఎదురడిగింది. ఆ వీడియో నేను కనీసం ఇరవైసార్లు చూసుంటాను. మొక్కజొన్న పకోడీ రోజున నాకు రావాల్సిన మాట అది!

మార్పు లేదనను. 2021లో క్రికెట్ చట్టాల్లోనే ‘బ్యాట్స్‌మన్’ పోయి ‘బ్యాటర్’ వచ్చింది. 2022లో బోర్డు మ్యాచ్ ఫీజులు సమానం చేసింది. వన్డేకి ఆరు లక్షలు, ఎవరాడినా సరే. వార్షిక కాంట్రాక్టుల దగ్గరకొస్తే మాత్రం, 2024-25లో మగవాళ్ల పై గ్రేడుకి ఏడు కోట్లయితే ఆడవాళ్ల పై గ్రేడుకి 50 లక్షలు. ఆ లెక్క మా ఆయన ఎల్బీడబ్ల్యూ అంత వివరంగా నాకెప్పుడూ చెప్పలేదు!

ఫైనల్ గెలిచిన మర్నాడు తమ్ముడు ఫోన్ చేశాడు. మాటల మధ్యలో ‘అక్కా, నువ్వు కూడా అప్పట్లో బౌలింగ్ బాగానే వేసేదానివి కదే’ అన్నాడు. ‘ఏరా, ఎప్పుడు వెయ్యనిచ్చావు?’ అన్నాను. కాసేపు అవతల చప్పుడు లేదు. ‘మధ్యాహ్నాలు మనిద్దరమే ఉన్నప్పుడు వేసేదానివిగా’ అన్నాడు. నిజమే. ఎవరూ దొరకనప్పుడు వాడికి ప్రాక్టీసు కోసం వేసేదాన్ని. వాడికి గుర్తుంది, నేనే మర్చిపోయాను.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ వారమే మా పాప బ్యాటు కావాలంది. తొమ్మిదేళ్లది. ‘ఎండలో పడి ఆడితే నల్లబడిపోతావే’... ఈ మాటన్నది ఎవరో కాదు, నేనే! మా అమ్మ నాతో అన్న మాట, అక్షరం పొల్లుపోకుండా, ఆవిడ గొంతుతో సహా నా నోట్లోంచి వచ్చింది. పాప ఏమీ అనలేదు. కింద అపార్ట్‌మెంట్ పిల్లల దగ్గరికెళ్లి పావుగంటలో తిరిగొచ్చింది. ‘అమ్మా, అరటిపండంటే ఏంటి?’ అనడిగింది.

చెప్పలేకపోయాను. సాయంత్రం వెళ్లి బ్యాటు కొన్నాను. అంతటితో ఆగలేదు, దగ్గర్లోని గ్రౌండులో కోచింగ్‌కి చేర్పించాం. ఫారం తీసుకున్నాయన ‘బాబు పేరు?’ అనడిగి, పాపని చూసి, షటిలైతే బావుంటుందేమో ఆలోచించమన్నాడు. ఆలోచించాం, క్రికెటే అన్నాం. ఈసారి ఆ మాటన్నది మా ఆయన!

పొద్దున్నే ఆరింటికి గ్రౌండులో ఉండాలి. అంటే అయిదింటికే లేవాలి, పాలు, బూట్లు, స్కూలు బ్యాగు... మా ఇంట్లో ఇంతకాలం రిమోట్ కోసం జరిగిన యుద్ధం ఇప్పుడు దుప్పటి దగ్గరికి మారింది. ఎవరు తీసుకెళ్లాలి? ‘క్రికెట్ నీకే బాగా తెలుసు కదా’ అన్నారాయన, పదకొండేళ్లలో మొదటిసారి! చివరికి వారానికొకళ్లం అని ఒప్పందం కుదిరింది. మొదటి వారం ఆయన వంతు.

అలారం మాత్రం నా ఫోన్లో పెట్టారు.