బాక్స్ మీద ‘క్వాంటమ్’ అని ఉంటే ఎక్కువ డబ్బు పెట్టాలా?

ఫోన్ పేరులో ‘క్వాంటమ్’ అని కనిపించగానే లోపల ఏదో అద్భుతం ఉందనుకుంటాం. 2020లో దక్షిణ కొరియాలో ఎస్‌కే టెలికామ్‌తో కలిసి శాంసంగ్ తెచ్చిన గెలాక్సీ ఏ క్వాంటమ్‌నే తీసుకోండి. అందులో 2.5 మిల్లీమీటర్ల చిప్ ఒకటి ఉంది. బుల్లి ఎల్‌ఈడీ వెలుగుతుంది, ఆ కాంతిలోని హెచ్చుతగ్గులను ఇమేజ్ సెన్సర్ చదివి ర్యాండమ్ నంబర్లు ఇస్తుంది. పనికొచ్చేదే, కాదనను. కానీ అందులో ఎంటాంగిల్‌మెంట్ లేదు.

ఎంటాంగిల్డ్ ఫోటాన్ల చిప్ కథ వేరు. సిలికాన్ మీద వెంట్రుక కంటే వంద రెట్లు సన్నటి కాంతి దారి గీస్తారు. అదే వేవ్‌గైడ్. అందులోకి ఇన్‌ఫ్రారెడ్ లేజర్ పంపితే, ఎప్పుడో ఓసారి రెండు లేజర్ ఫోటాన్లు మాయమై కొత్త జంట పుడుతుంది. ఒకదాని శక్తి ఎంత పెరిగితే రెండోదానికి అంత తగ్గాలి. విడివిడిగా ఎవరిది ఎంతో ముందే ఖరారై ఉండదు, మొత్తం మాత్రం ఖరారు. పుట్టుకతో పడిన ఆ ముడే ఎంటాంగిల్‌మెంట్.

మరి ఇది ఫోన్‌లోకి ఎందుకు రాదు? మొదటిది, జంట ఎప్పుడు పుడుతుందో చెప్పలేం. లేజర్ పవర్ పెంచితే ఒకేసారి రెండేసి జంటలు పుట్టి లెక్క చెడుతుంది. రెండోది, ఆ జంటను పట్టాలంటే చుట్టూ ఉన్న లేజర్ కాంతినంతా వడకట్టాలి. మూడోది, మంచి డిటెక్టర్లు దాదాపు మైనస్ 270 డిగ్రీల చలిలోనే పనిచేస్తాయి. ఛార్జింగ్ పెట్టి గేమ్ ఆడితేనే చెయ్యి కాలే ఫోన్‌లో ఆ ఫ్రిజ్ ఎక్కడ పెడతారు? పైగా ఈ ఫోటాన్లు ఫైబర్‌లో ప్రయాణిస్తాయి, మన ఫోన్ టవర్‌తో మాట్లాడేది రేడియోలో.

కాబట్టి నా మాట ఇదీ. ఈ చిప్‌ల చోటు టెలికామ్ ఎక్స్‌ఛేంజీలు, డేటా సెంటర్లు. మామూలు చిప్‌లలా ఫ్యాక్టరీలో గుట్టలుగా చేయగలిగితే అక్కడ నిజంగానే ఆట మారుతుంది. మీ జేబులోని ఫోన్‌కు రేపటి క్వాంటమ్ కంప్యూటర్ల నుంచి రక్షణ మాత్రం సాఫ్ట్‌వేర్‌గానే వస్తోంది. సిగ్నల్ 2023లో, ఐమెసేజ్ 2024లో అలాంటి ఎన్‌క్రిప్షన్ తెచ్చేశాయి. ఫ్రీగా, ఓ అప్‌డేట్‌తో.

అందుకే షాపులో ‘క్వాంటమ్’ స్టిక్కర్ చూసి ఆగిపోకండి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడగండి. డబ్బు పెట్టాల్సింది దానికే.