మావారి పసుపు వ్యాగన్

మొన్న ఓక్ ట్రీ రోడ్డులో కూరలు కొనుక్కుని వచ్చేసరికి ఇద్దరు కుర్రాళ్ళు మా బండికి ఫొటోలు తీస్తున్నారు. మావారి మొహం చూడాలి! 1995 వోల్వో 850 టీ-5ఆర్ వ్యాగన్ అది. లేత పసుపు రంగు, అట్టపెట్టెకి చక్రాలు తగిలించినట్టుంటుంది. 1994లో బ్రిటన్ టూరింగ్ కార్ల రేసుల్లో 850 వ్యాగన్‌నే దింపారట వోల్వో వాళ్ళు!

బీఎస్సీ ఫిజిక్సు ఇన్నాళ్ళకి పనికొచ్చింది. ఇంజన్ వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. దాంతోపాటే తిరిగే ఇంకో చక్రం ఇంజన్‌లోకి గాలిని కుక్కుతుంది. అదే టర్బో. అందుకే 2.3 లీటర్ల ఇంజన్‌కి 240 హార్స్‌పవర్.

అంతా బాగానే ఉంది గానీ, మా నాలుగేళ్ళ పిల్లని ఇందులో స్కూల్లో దింపుతానంటారు. "వోల్వో కదా, భయమేంటి?" అని. నిజమే, పక్క ఎయిర్‌బ్యాగులు ప్రపంచంలో మొదట వచ్చింది 850లోనే. కానీ అవి ముందు సీట్లకే. పిల్ల కూర్చునేది వెనక! కార్‌సీటు తగిలించే లాచ్ కొక్కేలూ లేవు, అవి తప్పనిసరి అయింది 2002లో. బెల్టుతో కట్టొచ్చులెండి, అయినా నాకు మనసొప్పలేదు. పిల్ల మినీవ్యాన్‌లోనే అని తేల్చేశాను. రెండు రోజులు మాటల్లేవు.

శనివారం ఒక్కదాన్నే పసుపు బండి తీసుకుని రూట్ 1 ఎక్కాను. పెడల్ నొక్కితే ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత వీపు సీటుకి అతుక్కుపోయింది. ఈ సంగతి ఆయనకింకా చెప్పలేదు.