నగరానికి చెరో వైపున విమానాశ్రయాలు: అనుసంధానమే అసలు సమస్య

(ప్రత్యేక వ్యాసం)

ఉప్పునుంతల (నాగర్‌కర్నూల్ జిల్లా): మహానగరానికి రెండు విమానాశ్రయాలు ఉండడం ప్రగతికి చిహ్నంగా పరిగణింపబడుతున్న కాలమిది. అయితే ఒక విమానాశ్రయంలో దిగి, సామాను చేతపట్టుకొని, నగరాన్ని ఆసాంతం దాటి, ఆవలి వైపున ఉన్న మరొక విమానాశ్రయంలో తదుపరి విమానం అందుకోవలసిన ప్రయాణికునికి అదే ప్రగతి పెనుభారంగా పరిణమించగలదు. 2025 డిసెంబరు 25న నవీ ముంబయి విమానాశ్రయం నుంచి విమానాల రాకపోకలు ప్రారంభం కావడంతో ఈ అంశం తెలుగు ప్రయాణికులకు కూడా ప్రత్యక్షంగా సంబంధించినదయింది. మరోవైపు హైదరాబాద్ విమానాశ్రయ ఒప్పందంలోని 25 సంవత్సరాల నిబంధన గడువు 2033లో ముగియనున్నది. ఈ నేపథ్యంలో రెండు విమానాశ్రయాల నగరాల అనుభవాలను సమీక్షించుకోవడం సముచితం.

నాడు బేగంపేట, నేడు షంషాబాద్

నిజాం పాలనా కాలంలో, 1930వ దశకంలో రూపుదిద్దుకున్న బేగంపేట విమానాశ్రయం ఏడు దశాబ్దాల పాటు హైదరాబాద్ నగరానికి ఆకాశ ద్వారంగా సేవలందించిన విషయం విదితమే. నగరం విస్తరించి విమానాశ్రయాన్ని నలువైపులా చుట్టుముట్టడంతో విస్తరణకు చోటు లేకుండా పోయింది. దరిమిలా షంషాబాద్ వద్ద సుమారు 5,500 ఎకరాలలో నూతన విమానాశ్రయ నిర్మాణానికి 2004 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 2005 మార్చి 16న శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 14న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభోత్సవం జరుపుకోగా, అదే నెల 23 నుంచి విమానాల రాకపోకలు మొదలయ్యాయి. అదే రోజున బేగంపేటలో వాణిజ్య విమాన సర్వీసులు నిలిచిపోయాయి.

ఈ మూసివేత ఏకాభిప్రాయంతో జరిగినది కాదు. బేగంపేట, బెంగళూరులోని హెచ్ఏఎల్ విమానాశ్రయాల మూసివేతను వ్యతిరేకిస్తూ విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఉద్యోగులు 2008 మార్చిలో దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. దేశీయ సర్వీసులనైనా బేగంపేటలో కొనసాగించాలని పలువురు కోరారు. నగర నడిబొడ్డున ఉన్న విమానాశ్రయాన్ని వదులుకొని సుమారు 30 కిలోమీటర్ల దూరం వెళ్లవలసి రావడంపై ప్రజలలో అసంతృప్తి వ్యక్తమైన మాట వాస్తవం. విమానంలో గంట, విమానాశ్రయానికి రెండు గంటలు అన్న వ్యాఖ్య ఆ రోజులలో తరచు వినవచ్చేది.

అయితే ఆ కోరిక నెరవేరి ఉంటే ఏమి జరిగి ఉండేదో ఆలోచించవలసి ఉంది. రాజమండ్రి నుంచో, తిరుపతి నుంచో బేగంపేటలో దిగిన ప్రయాణికుడు దుబాయి విమానం కోసం పంజాగుట్ట, మాసాబ్ ట్యాంక్, మెహిదీపట్నం, ఆరాంఘర్ మీదుగా షంషాబాద్ చేరవలసి వచ్చేది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గం 2009 అక్టోబరులో గాని అందుబాటులోకి రాలేదు. బేగంపేట మీదుగా మెట్రో రైలు నడిచింది 2017 నవంబరు తరువాతనే. నేటికీ ఆ రైలు షంషాబాద్ చేరలేదు. అనుసంధానం లేని రెండు విమానాశ్రయాల కంటె ఒకే విమానాశ్రయాన్ని ఎంచుకోవడం వలన హైదరాబాద్ ఒక పెద్ద చిక్కును తప్పించుకున్నదని చెప్పవచ్చు. 1.2 కోట్ల ప్రయాణికుల వార్షిక సామర్థ్యంతో మొదలైన షంషాబాద్ విమానాశ్రయం విస్తరణ అనంతరం 3.4 కోట్ల సామర్థ్యాన్ని సంతరించుకున్నది. 2023-24లో సుమారు 2.5 కోట్ల మంది ఈ విమానాశ్రయాన్ని వినియోగించుకున్నారు. ఇంతటి రద్దీ రెండు చోట్లకు చీలి ఉంటే, విమానం మారేవారిలో ఎందరు నగరాన్ని అడ్డంగా దాటవలసి వచ్చేదో ఊహించవచ్చు.

ఉప్పునుంతల నుంచి చూస్తే

దూరం అన్నది ఎక్కడి నుంచి కొలుస్తున్నామన్న దానిపై ఆధారపడి ఉంటుంది. సికింద్రాబాద్ వాసికి దూరమైన షంషాబాద్, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ప్రజలకు దగ్గరయింది. ఉప్పునుంతల మండల వాసులు శ్రీశైలం–హైదరాబాద్ జాతీయ రహదారిని చేరుకొని కల్వకుర్తి, ఆమనగల్లు, కడ్తాల్ మీదుగా తుక్కుగూడ వచ్చినట్లయితే విమానాశ్రయం పరిసరాలకు చేరినట్లే. తుక్కుగూడ వద్ద 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి కలుస్తుంది. 2008కి ముందు ఇదే ప్రయాణికుడు చాంద్రాయణగుట్ట, పాతనగరం, మూసీ వంతెనలు దాటి, నగరాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి చీల్చుకొని బేగంపేట చేరవలసి ఉండేది. రాత్రి విమానానికి పొద్దుననే ఊరు విడవడం ఆనాటి ఆనవాయితీ.

అయినప్పటికీ ఈ సామీప్యం కారు గలవారికి దక్కినంతగా బస్సు ప్రయాణికులకు దక్కలేదన్నది గమనార్హం. ఆర్టీసీ పుష్పక్ బస్సులు ప్రధానంగా నగరంలోని వివిధ ప్రాంతాల నుంచి విమానాశ్రయానికి నడుస్తున్నాయి. 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ రైళ్లు ఉందానగర్ వరకు పొడిగింపబడినా, అది విమానాశ్రయం లోపలి స్టేషను కాదు. అచ్చంపేట, కల్వకుర్తి వైపు నుంచి వచ్చే ప్రయాణికుడు తుక్కుగూడలో దిగి, చివరి కొద్ది కిలోమీటర్లకు ఆటోనో, ట్యాక్సీనో వెదుక్కోవలసి వస్తున్నది. వంద కిలోమీటర్ల బస్సు ప్రయాణం కంటె ఈ చివరి అంచె కష్టతరంగా మారుతున్నది.

ముంబయిలో మారిన పరిస్థితి

పాలమూరు జిల్లాలకు ముంబయి కొత్త కాదు. నిర్మాణ పనుల నిమిత్తం తరతరాలుగా ఇక్కడి కూలీలు ఆ నగరానికి వలస వెళ్తున్న విషయం అందరికీ తెలిసినదే. గల్ఫ్ వలస ఉత్తర తెలంగాణ జిల్లాలలో అధికమైనప్పటికీ, ఈ ప్రాంతం నుంచి వెళ్లేవారూ ఉన్నారు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ నగరాలకు నేరుగా విమానాలు ఉన్నా, తక్కువ ధర కోసం ముంబయిలో విమానం మారే ప్రయాణాలను ఎంచుకోవడం జరుగుతున్నది.

ముంబయిలో శాంతాక్రజ్, సహార్ అన్న రెండు పేర్లు పూర్వం నుంచి ఉన్నా, అవి ఒకే విమానాశ్రయానికి చెందిన రెండు టెర్మినళ్లు మాత్రమే. నవీ ముంబయి విషయం వేరు. 2025 అక్టోబరు 8న ప్రధానమంత్రి ప్రారంభించిన ఈ విమానాశ్రయం పన్వేల్ సమీపంలోని ఉల్వే ప్రాంతంలో, సముద్రపు పాయకు ఆవలి ఒడ్డున ఉన్నది. సహార్ నుంచి అక్కడికి రోడ్డు మార్గాన దాదాపు 40 కిలోమీటర్లు. 2024 జనవరిలో ప్రారంభమైన 21.8 కిలోమీటర్ల అటల్ సేతు వలన సముద్రం దాటడం సులభమయినా, ఆ వంతెన మొదలయ్యే శివడీ వరకు చేరడానికి నగర వీధుల రద్దీ తప్పదు. వాశి వంతెన మార్గానిదీ అదే పరిస్థితి. వర్షాకాలంలో కుర్లా, సయాన్ వంటి పల్లపు ప్రాంతాలలో నీరు నిలిచినప్పుడు ప్రయాణ కాలాన్ని అంచనా వేయడం ఎవరి తరమూ కాదు. రెండు విమానాశ్రయాలను కలిపే మెట్రో మార్గం ప్రణాళికలో ఉన్నా, విమానాలు మాత్రం రైలు కంటె ముందుగానే వచ్చాయి.

నవీ ముంబయి విమానాశ్రయం దేశీయ సర్వీసులతో మొదలయింది. తొలి రోజుననే అక్కడి నుంచి హైదరాబాద్‌కు విమానం నడిచింది. ఈ కారణంగా హైదరాబాద్ నుంచి నవీ ముంబయిలో దిగి, గల్ఫ్ విమానం కోసం సహార్ వెళ్లవలసిన పరిస్థితి ఊహాజనితం కాదు. టికెట్లు వేర్వేరుగా కొన్నవారికి ఇందులో ప్రమాదం అధికం. ఒకే టికెట్‌పై మొత్తం ప్రయాణం ఉన్నట్లయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ప్రత్యామ్నాయం చూపించే బాధ్యత విమాన సంస్థపై ఉంటుంది. వేర్వేరు టికెట్లపై ప్రయాణించే వ్యక్తి రెండో సంస్థ దృష్టిలో సమయానికి రాని ప్రయాణికుడు మాత్రమే. టికెట్ డబ్బు పోవడమే కాక, అప్పు చేసి వీసా సంపాదించుకున్న కార్మికునికి గడువు దాటితే ఉపాధియే చేజారిపోవచ్చు. టికెట్‌పై రెండు మూడు వందల రూపాయల ఆదా ఒక కుటుంబపు సంవత్సరాల కష్టాన్ని పణంగా పెట్టగలదన్న సంగతి గ్రామస్థాయిలో తెలియజెప్పవలసి ఉంది.

ప్రపంచ నగరాల అనుభవం

ఈ సమస్యను ఎదుర్కొన్న నగరాలు ఒక్కొక్కటి ఒక్కొక్క దారి తొక్కాయి. లండన్‌లోని హీత్రూ, గాట్విక్ విమానాశ్రయాల మధ్య 1978 నుంచి 1986 వరకు హెలికాప్టర్ సర్వీసు నడిచింది. నగరం చుట్టూ ఎం-25 వలయ రహదారి పూర్తి కావడంతో ఆ సర్వీసుకు తెరపడింది. టోక్యోలో 1978లో నారిటా విమానాశ్రయం తెరచుకోగా, నేడు అక్కడి నుంచి హనేదా విమానాశ్రయానికి మధ్యలో రైలు మారకుండా ప్రయాణించే సౌకర్యం ఉన్నది. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2001లో ఇంచియాన్ విమానాశ్రయం ప్రారంభమయింది. 2007లో వేసిన రైలు మార్గం తొలి దశను పాత విమానాశ్రయమైన గింపో వరకు నిర్మించి, నగర కేంద్రానికి పొడిగింపును 2010లో చేపట్టారు. అనుసంధానానికి అక్కడ లభించిన ప్రాధాన్యం దీనివలన తేటతెల్లమవుతున్నది.

ఇందుకు భిన్నమైనది కెనడాలోని మాంట్రియల్ నగరపు అనుభవం. 1975లో మిరాబెల్ వద్ద విశాలమైన నూతన విమానాశ్రయాన్ని నిర్మించి అంతర్జాతీయ విమానాలను అక్కడికి తరలించారు. దేశీయ విమానాలు పాత డోర్వాల్‌లోనే ఉండిపోయాయి. రెండింటినీ కలుపుతుందని చెప్పిన రైలు మార్గం రానే లేదు. విమానం మారవలసిన ప్రయాణికులు ఆ నగరాన్నే తప్పించుకొని టొరంటో మీదుగా వెళ్లసాగారు. 1997లో అంతర్జాతీయ సర్వీసులు డోర్వాల్‌కు తిరిగి వచ్చాయి. 2004లో మిరాబెల్‌లో ప్రయాణికుల విమానాలు పూర్తిగా నిలిచిపోయాయి. అనుసంధానం కొరవడితే ఎంతటి విమానాశ్రయమైనా నిరుపయోగం కాగలదనడానికి ఇంతకంటె నిదర్శనం అవసరం లేదు.

2033 తరువాత

షంషాబాద్ ఒప్పందం ప్రకారం 150 కిలోమీటర్ల పరిధిలో 25 సంవత్సరాల పాటు మరో పౌర విమానాశ్రయానికి అవకాశం పరిమితం. వరంగల్ సమీపంలోని మామునూరు విమానాశ్రయానికి నిర్వాహక సంస్థ నిరభ్యంతరం తెలిపిన మీదటనే 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి లభించింది. ఇటువంటి నిబంధనే ఉన్న బెంగళూరులో రెండో విమానాశ్రయానికి కర్ణాటక ప్రభుత్వం ఇప్పటికే స్థలాల పరిశీలన చేపట్టింది. మన రాష్ట్రంలో గతంలో పరిశీలించిన ప్రాంతీయ విమానాశ్రయాల జాబితాలో మహబూబ్‌నగర్ జిల్లా గుడిబండ పేరు కూడా ఉన్నది. బేగంపేటను తిరిగి ప్రయాణికులకు తెరవాలన్న వాదన సైతం అప్పుడప్పుడు వినవస్తున్నది.

ఏ నిర్ణయం తీసుకున్నా ముందుగా తేల్చుకోవలసినది స్థలం కాదు, మార్గం. నాగోల్ నుంచి ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా షంషాబాద్‌కు 36.8 కిలోమీటర్ల మెట్రో మార్గాన్ని రెండో దశలో చేర్చి రాష్ట్ర ప్రభుత్వం 2024లో కేంద్రానికి ప్రతిపాదనలు పంపింది. ఉన్న ఒక్క విమానాశ్రయానికే రైలు మార్గం పూర్తి కాకుండా రెండో విమానాశ్రయాన్ని తలపెట్టడం మాంట్రియల్ బాటలో నడవడమే అవుతుంది.

ఈలోగా చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. శ్రీశైలం రహదారిపై వచ్చే బస్సుల వేళలకు అనుగుణంగా తుక్కుగూడ నుంచి విమానాశ్రయానికి నిర్ణీత సర్వీసు ఏర్పాటు చేసే అవకాశాన్ని సంబంధిత అధికారులు పరిశీలించవచ్చు. విదేశీ ఉపాధికి వెళ్లేవారికి అవగాహన కల్పించే కార్యక్రమాలలో విమానం మారే విషయాన్ని కూడా చేర్చవలసి ఉంది. టికెట్‌పై నగరం పేరుతో సరిపెట్టుకొనక విమానాశ్రయ సంకేతాన్ని చూడాలనీ, ముంబయికి బీఓఎం, నవీ ముంబయికి ఎన్ఎంఐ అన్నవి వేర్వేరు స్థలాలనీ, వీలైనంత వరకు మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్ తీసుకోవాలనీ, తప్పనిసరిగా విమానాశ్రయం మారవలసి వస్తే కనీసం అయిదారు గంటల వ్యవధి ఉంచుకోవాలనీ తెలియజెప్పాలి. పాత్రికేయులు ఈ సమాచారాన్ని మండల స్థాయి వార్తలలో చేర్చినట్లయితే ఎందరికో మేలు చేకూరగలదు.

విమానాశ్రయాల సంఖ్య నగర వైభవాన్ని సూచించవచ్చు. ప్రయాణికుని దృష్టిలో మాత్రం విమానాశ్రయం విలువ అక్కడికి సకాలంలో చేరగలగడంలోనే ఉన్నది. 2008లో తీసుకున్న నిర్ణయం ఈ సూత్రాన్ని సగం నెరవేర్చింది. మిగిలిన సగం రైలు, బస్సుల రూపంలో పూర్తి కావలసి ఉన్నది.