పడ్డాక మళ్లీ ఎక్కగలరా?

గాలి నింపుకునే ప్యాడిల్‌బోర్డు ఏది కొనాలని డాక్టరును అడిగే రోజు వస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది. విశాఖ తీరంలో గంటసేపు అద్దెకు తీసుకుని సరదా పడినవాళ్లు, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు సరస్సు మీద చూసొచ్చినవాళ్లు, ఫోనులో వీడియోలు చూసి ముచ్చటపడినవాళ్లు... అందరిదీ ఒకటే మాట. ‘పొట్ట తగ్గుతుందట, నడుముకు మంచిదట. ఏ బోర్డు తీసుకోమంటారు?’

చూడనివాళ్ల కోసం చెబుతాను. ఇది నీటి మీద నిలబడి, పొడవాటి తెడ్డుతో నడుపుకొనే పలక. గాలి తీసేస్తే పరుపులా చుట్టి సంచిలో పెట్టేయొచ్చు. కారు డిక్కీలో పడుతుంది. అపార్టుమెంటుల్లో ఉండేవాళ్లకు అదే పెద్ద ఆకర్షణ. గాలి నింపితే మాత్రం చెక్కలా గట్టిపడుతుంది. పై పొరనూ కింది పొరనూ కలుపుతూ లోపల వేలాది దారాలుంటాయి కాబట్టి బూరలా ఉబ్బిపోకుండా చదునుగా నిలుస్తుంది. వీటిలో దూరాలు వెళ్లడానికి చేసినవి టూరింగ్ బోర్డులు. ముక్కు కోసుగా, ఒళ్లు సన్నగా, పొడవుగా ఉంటాయి. నీటిని చీల్చుకుంటూ నేరుగా సాగుతాయి. సామాను కట్టుకోవడానికి పైన సాగే తాళ్లుంటాయి.

అమ్మేవాళ్లు పొడవు, రంగు, ఎన్ని పొరలు, ఎన్నేళ్ల వారంటీ అన్నవి చెబుతారు. నేను చూడమనేది వేరు. కాళ్లందని నీళ్లలో పడ్డాక, ఎవరి సాయమూ లేకుండా మళ్లీ ఆ బోర్డు మీదకు ఎక్కగలరా? ఎక్కలేకపోతే అది ఎంత మంచి బోర్డయినా మీకు పనికిరాదు.

పడటం ఎలాగూ తప్పదు. నేర్చుకునే రోజుల్లో పదిసార్లు పడతారు. అలవాటయ్యాక కూడా పక్కనుంచి మోటారు బోటు వెళ్తే వచ్చే అలకు పడతారు. పడటంలో ప్రమాదం తక్కువే. ఎక్కలేకపోవడంలోనే ఉంది. బోర్డు మందం సాధారణంగా ఆరు అంగుళాలు ఉంటుంది. చూడటానికి ఎంత అనిపిస్తుంది? కానీ నీళ్లలో కాళ్ల కింద ఆనడానికి ఏమీ ఉండదు. ఒళ్లంతా భుజాల బలంతో పైకి లాక్కోవాలి. మొదటిసారి ఎక్కేస్తారు. రెండోసారి ఆయాసం వస్తుంది. మూడోసారికి చేతులు వణుకుతాయి. మధుమేహం ఉన్నవాళ్లలో భుజం పట్టేయడం మేం రోజూ చూస్తాం. చెయ్యి ఎత్తి దువ్వెన పట్టుకోలేని మనిషి నీళ్లలోంచి తనను తాను లాక్కోగలడా? ఈ ప్రశ్న దుకాణంలో ఎవరూ అడగరు.

అందుకే డబ్బులు కట్టే ముందు ఒకరోజు అద్దె బోర్డు తీసుకోండి. లైఫ్‌జాకెట్ వేసుకుని, నేర్పేవాళ్లు పక్కన ఉండగా, కాళ్లందని చోట కావాలనే పడండి. బోర్డు మధ్యలో ఉండే పిడిని పట్టుకోవాలి. కాళ్లు వెనక్కి చాచి, నీటిపైకి తేలేలా తన్నుతూ, ఛాతీని బోర్డు మీదకు జార్చాలి. నిలువునా వేలాడుతూ ఎగబాకాలని చూస్తే కాళ్లు బోర్డు కిందకు పోతాయి. ఇలా వెంట వెంటనే మూడుసార్లు ఎక్కగలిగితే అప్పుడు కొనే మాట ఆలోచించండి. అంతకన్నా ముందు ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. నేల మీద బోర్లా పడుకోండి. చేతులు ఆనించి మోకాళ్ల మీదకు, అక్కడి నుంచి ఏ కుర్చీ పట్టుకోకుండా నిలబడండి. తర్వాత ఒంటికాలి మీద పది సెకన్లు నిలవండి. ఇవి రాకపోతే ముందు వాటిని సాధన చేయాలి. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఇక బోర్డు సంగతి. టూరింగ్ బోర్డులు పదకొండు నుంచి పన్నెండున్నర అడుగుల పొడవు, 29 నుంచి 32 అంగుళాల వెడల్పు ఉంటాయి. అందరికీ పనికొచ్చే ఆల్‌రౌండ్ బోర్డులు పదిన్నర అడుగుల దగ్గర, 32 నుంచి 34 అంగుళాల వెడల్పుతో వస్తాయి. రెండు మూడు అంగుళాల తేడానే కదా అనిపిస్తుంది. నిలబడినవాడికే తెలుస్తుంది అదెంతో. సన్నటి బోర్డు పక్కకు ఊగుతుంది. నలభై దాటి, ఈ మధ్యనే నేర్చుకున్నవాళ్లకు మొదటి బోర్డుగా టూరింగ్ వద్దనే నేనంటాను. వారానికి ఒకసారి గంటసేపు తిరిగేవాళ్లకు దాని వేగంతో పనిలేదు. అద్దె బోర్డుల మీద బాగా అలవాటై, సరస్సుల్లో నాలుగైదు కిలోమీటర్లు వెళ్లొచ్చే సరదా నిజంగానే ఉంటే 11 అడుగుల 6 అంగుళాల పొడవు, 32 అంగుళాల వెడల్పు ఉన్నది చూడండి. పన్నెండున్నర అడుగులు, 30 అంగుళాలవి పట్టు చిక్కాక చూసుకోవచ్చు.

పెట్టె మీద రాసే బరువును యథాతథంగా నమ్మకండి. 150 కిలోలు మోస్తుందంటే మునిగిపోకుండా తేలుతుందని అర్థం, సుఖంగా నడుస్తుందని కాదు. అందులో మూడింట రెండు వంతులే లెక్క వేసుకోండి. మీ బరువు, ముందు కూర్చోబెట్టుకునే పిల్లవాడి బరువు, నీళ్ల సీసా, సంచి అన్నీ ఆ లెక్కలోకే రావాలి. బరువు ఎక్కువైతే బోర్డు మధ్యలో కుంగుతుంది, ఊగడం పెరుగుతుంది.

తూకం మరో వైపు నుంచీ చూడాలి. బోర్డు పది కిలోలు, తెడ్డు, పంపు, సంచి కలిస్తే పదమూడు నుంచి పదహారు కిలోలు. కారు ఆపిన చోటు నుంచి నీటి దాకా ఇసుకలో మోయాల్సింది మీరే. తర్వాత పంపు. ఈ బోర్డులకు 12 నుంచి 15 పీఎస్‌ఐ ఒత్తిడి కావాలి. కారు టైరులో ఉండేదానిలో దాదాపు సగం. అంత గాలి చేతిపంపుతో కొట్టడానికి పది నిమిషాలు పడుతుంది. మొదట తేలిగ్గానే ఉంటుంది, చివరి మూడో వంతులోనే అసలు కష్టం. మనవాళ్లు ఊపిరి బిగబట్టి, నడుం వంచి, బలమంతా పెట్టి నొక్కుతారు. ఊపిరి బిగబట్టి బరువు నొక్కితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. బీపీ ఉన్నవాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు నీళ్ల గురించి భయపడతారు గానీ పంపును లెక్కచేయరు. వాళ్లు కారు బ్యాటరీతో నడిచే ఎలక్ట్రిక్ పంపు తీసుకోవాలి. అది విలాసం కాదు.

అలాగని గాలి తక్కువ కొట్టి వదిలేయకూడదు. మెత్తగా ఉన్న బోర్డు అరటిదొప్పలా వంగుతుంది. గాలి నిండుగా కొట్టి ఎండలో వదిలేయడమూ తప్పే. 30 డిగ్రీల దగ్గర 15 పీఎస్‌ఐ నింపిన బోర్డు ఎండలో కాగి 60 డిగ్రీలకు చేరితే లోపలి ఒత్తిడి 18 దాకా పోతుంది. అతుకులు విడిపోయేది అలాంటప్పుడే. మన ఎండల్లో నీళ్లలోంచి తీయగానే కొంత గాలి వదిలి, నీడలో పెట్టాలి.

తెడ్డు మీ ఎత్తుకన్నా జానెడు ఎక్కువ ఉంటే చాలు. మరీ పొడవైతే ప్రతి తోపుకూ చెయ్యి భుజం కన్నా పైకి లేస్తుంది. ఈ ఆటలో ముందు నొప్పెట్టేవి భుజాలూ నడుమే. పొడవు సర్దుకునే తెడ్డు తీసుకుంటే ఇంట్లో నలుగురికీ సరిపోతుంది.

బోర్డు ధర వేలల్లో మొదలై లక్ష దాటుతుంది. అంత పెట్టినవాళ్లు లైఫ్‌జాకెట్ దగ్గర బేరమాడటం నాకు అర్థం కాదు. మన దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి. ఆ లెక్క ప్యాడిల్‌బోర్డులది కాదు. అయితే ఈత రానివాళ్లే ఎక్కువగా ఉన్న చోటికి ఈ ఆట వస్తోంది. జాకెట్ల మీద న్యూటన్లలో అంకె ఉంటుంది. 50 ఉన్నది ఈత వచ్చినవాళ్లు తేలడానికి ఆసరా మాత్రమే. స్పృహ తప్పితే ముఖాన్ని పైకి తిప్పదు. ఈత రానివాళ్లకు 100 ఉన్నది కావాలి. పిల్లలకైతే వాళ్ల బరువుకు సరిపోయేది, కాళ్ల మధ్య పట్టీ ఉన్నది చూడాలి. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా జారిందంటే అది సైజు కాదు. అమెరికా కోస్ట్‌గార్డ్ 2008లోనే ప్యాడిల్‌బోర్డును పడవల కోవలో చేర్చి, ఈతకు కేటాయించిన చోట్లు దాటితే లైఫ్‌జాకెట్ వెంట ఉండాలంది. వెంట ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. పడ్డాక తాళ్ల కింద నుంచి జాకెట్ లాగి తొడుక్కోవడం సినిమాల్లో కూడా కుదరదు.

బోర్డుకూ మనిషికీ మధ్య ఉండే తాడును లీష్ అంటారు. గాలి బోర్డు చాలా తేలిక. మీరు పడిన క్షణంలో అది గాలికి కొట్టుకుపోతుంది, మీరు ఈదే వేగం దానికి చాలదు. నిలకడ నీళ్లలో, సముద్రంలో కాలికి కట్టుకునే లీష్ సరే. ప్రవాహంలో మాత్రం అదే ప్రాణం తీస్తుంది. చెట్టుకొమ్మకో, ఇనుప కడ్డీకో చిక్కుకుంటే నీటి తోపుకు వంగి చీలమండను అందుకోలేరు. పారే నీళ్లలో నడుముకు కట్టుకుని, ఒక్క లాగుతో ఊడిపోయే లీష్ ఉండాలి. వేల్స్‌లోని హేవర్‌ఫర్డ్‌వెస్ట్‌లో 2021 అక్టోబరు 30న వానలకు పొంగిన క్లెడ్డౌ నదిలో ప్యాడిల్‌బోర్డుల మీద వెళ్లినవాళ్లు ఒక చిన్న ఆనకట్ట మీద నుంచి కొట్టుకుపోయారు. నలుగురు చనిపోయారు. ఎత్తు తక్కువ ఆనకట్ట పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. దాని కింద నీరు సుడి తిరుగుతూ మనిషిని మళ్లీ మళ్లీ లోపలికే లాగుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో లాకులూ, రెగ్యులేటర్లూ ఉన్న కాలువల్లో బోర్డు వేయాలనుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే, వేయొద్దు.

విశాఖ వాళ్లకు గాలి సంగతి చెప్పాలి. మనది తూర్పు తీరం. పడమటి గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. తెల్లవారుజామున వీచే నేలగాలి కూడా అంతే. అప్పుడు ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి. ఎంత బాగుందో అని దిగుతారు. నిలబడిన మనిషి ఒళ్లే తెరచాపలా పనిచేసి చూస్తుండగానే అర కిలోమీటరు లోపలికి తీసుకుపోతుంది. తిరిగొచ్చేటప్పుడు గాలికి ఎదురు. చేపలు పట్టేవాళ్లను ఒక్క మాట అడిగితే ఆ రోజు గాలి ఎటో చెప్పేస్తారు. గాలి మళ్లినట్టు అనిపిస్తే నిలబడకండి. మోకాళ్ల మీద కూర్చుని, ఇంకా కష్టమైతే బోర్లా పడుకుని చేతులతో తోసుకుంటూ రండి. సరస్సుల్లో వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు గాలివాలున రావాలి.

అమెరికాకు వెళ్లే అమ్మానాన్నలది ఇంకో సమస్య. అక్కడ మే నెలలో ఎండ మన ఫాల్గుణం ఎండలా హాయిగా ఉంటుంది. సరస్సులో నీళ్లు మాత్రం అప్పటికింకా చలికాలాన్ని వదలవు. నీళ్లు 15 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే అందులో పడగానే ఊపిరి తనంతట తానే ఎగపీలుస్తుంది. ఆ క్షణంలో ముఖం నీళ్లలో ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. గుండె దడ, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లలో లయ తప్పొచ్చు. ఒకటి రెండు నిమిషాలు తేలుతూ ఊపిరిని సర్దుకోగలిగితే ఆ దశ దాటుతుంది, దానికి జాకెట్ ఉండాలి. పదినిమిషాలు గడిచేసరికి చేతులు మొద్దుబారి బోర్డును పట్టుకోలేవు. మన చెరువుల్లో ఈత నేర్చుకున్న నాన్నగారికి ఈ చల్లదనం తెలియదు. నాకు ఈతొచ్చురా అని ఆయన అంటారు. నిజమే, వచ్చు. అయినా అరవై దాటినవాళ్లను టూరింగ్ బోర్డు మీద నిలబెట్టి ఫొటో తీయాలన్న ముచ్చట మానుకోండి. ఎండలు ముదిరి నీళ్లు వెచ్చబడ్డాక, వెడల్పాటి బోర్డు మీద కూర్చోబెట్టి, నడుముల్లోతు నీళ్లలో తిప్పండి.

మందుల గురించి కూడా. ఇన్సులిన్, గ్లిమిప్రైడ్ లాంటివి వాడేవాళ్లు ఖాళీ కడుపుతో దిగకూడదు. తడవని సంచిలో గ్లూకోజు ఉంచుకోవాలి. బీపీకి, గుండెకు మెటోప్రొలాల్ లాంటివి వాడుతుంటే షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు సరిగా తెలియవు. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లకు తల బోర్డుకు తగిలితే చిన్న దెబ్బ అని వదిలేయడానికి లేదు. మూర్ఛ, తరచూ కళ్లు తిరగడం ఉన్నవాళ్లు తమ డాక్టరు సరేననే దాకా ఆగాలి.

పొట్ట మాట చెప్పకుండా వదలను. పాదాల నుంచి మెడ దాకా కండరాలన్నీ పనిచేసే మంచి వ్యాయామమే ఇది. కానీ నెలకు రెండుసార్లు చేసే దేనికీ పొట్ట కరగదు. రోజూ అరగంట నడిచే మనిషికి బోర్డు అదనపు ఆనందం. నడవని మనిషికి అది బట్టలారేసుకునే ట్రెడ్‌మిల్ పక్కన అటక మీదకు చేరే మరో వస్తువు.

నగరాల్లోని చెరువుల్లో దిగేవాళ్లు వానలు పడ్డ వారం పది రోజులు ఆగడం మేలు. మురుగుతోపాటు ఎలుకల మూత్రమూ నీళ్లలో కలుస్తుంది, కాలి మీద చిన్న గీత ఉన్నా లెప్టోస్పైరోసిస్ రావచ్చు. నీళ్లలో దిగిన రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టరుకు నీళ్లలో దిగిన సంగతి మీరే చెప్పండి. ఓపీ రద్దీలో మేం ఆ ప్రశ్న అడగకపోవచ్చు.